పాత జీపును బాగుచేయుట



ఈ పూట నేను మాటాడబోవునది పంటను గూర్చి గాని, పశువును గూర్చి గాని కాదు. మన సింహాద్రిపురము, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో వేపచెట్టు క్రిందనో, చీనీతోట కొట్టములోనో, చక్రములలో గాలిలేక నిలిచియున్న పాత జీపులను గూర్చి. ఒకప్పుడు ఆ బండి ఇంటికి పరువు. పెండ్లికొడుకును ఎక్కించుకొని పోయినది అదే; నడిరేయి పురుటినొప్పులు వచ్చిన ఆడబిడ్డను ఆసుపత్రికి చేర్చినది అదే. ఇప్పుడు దానిమీద కోళ్లు నిద్రించుచున్నవి. ఇట్లుండగా పట్నమున చదువుకొన్న మనుమడు సెలవులకు వచ్చి, "తాతా, దీనిని బాగుచేయింతము, ఎంతో కాదు" అనును. డబ్బు తాత చేతిలో నున్నది. ఎంతో కాదన్న మాట ఎంతవరకు నిజమో ఆయనకు తెలియదు. ఆ తాతగారి కొరకే ఈ ప్రసంగము.

నేను మెకానిక్కును కాను. మా తండ్రిగారి జీపును బాగుచేయించుటలో కొంత డబ్బు పోగొట్టుకొని, ఇంచుక తెలివి తెచ్చుకొన్నవాడను.

ముందుగా ఈ బండి పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. ఎందుకనగా, తక్కువ ఖర్చుతో దీనిని నిలుపుకొనగలుగుటకు కారణము దాని చరిత్రలోనే యున్నది. 1940 లో అమెరికా సైన్యమువారు గుట్టలు, బురదలు దాటగల తేలికబండి కావలెనని కోరగా, బాంటం అను చిన్న కంపెనీ ఆ సంవత్సరము సెప్టెంబరులో మొదటి నమూనాను చేసి చూపెను. పిదప విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియునంతలో 6 లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధము ముగిసిన తరువాత సైన్యము వదలుకొన్న బండ్లు మన దేశమున వేలములలో అమ్ముడుపోయినవి.

1945 లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను కంపెనీ యేర్పడెను. అందులో భాగస్వామియైన గులాం మహమ్మదుగారు దేశవిభజన కాలమున పాకిస్తానునకు పోయి, అచ్చట మొదటి ఆర్థికమంత్రి అయిరి. 1948 లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారెను. స్వాతంత్ర్యము వచ్చిన దినములలోనే వారు బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగములుగా తెప్పించి కూర్పసాగిరి. తరువాత ఎత్తైన మూతి గల సీజే-3బి అను నమూనాను ఇచ్చటనే దశాబ్దములపాటు తయారుచేసిరి. మూతి ఎత్తుగా నుండుట అందము కొరకు కాదు. లోపలి ఇంజనులో గాలి తీసికొను వాల్వులు పైమూతకు మారుటచే ఇంజను పొడవెదిగినది. అంతే. బండి ఆకారము, చట్రము, ఇరుసులు చాలకాలము పెద్ద మార్పు లేక వచ్చినవి. కావుననే తాత కొన్న జీపునకు ఆ తరువాతి బండి సామాను అనేక చోట్ల సరిపోవును. పాత సామానును చేతపట్టుకొని ప్రొద్దుటూరు వంటి ఊరికి పోయి, కొత్తదానితో ప్రక్కప్రక్కన పెట్టి కొలిచి చూచి కొనవచ్చును. పేరు చెప్పి కొనుటకంటె ఇట్లు చూచి కొనుట మేలు.

ఇక నా తెలివితక్కువతనము వినుడు. నేను మొదట రంగు వేయించితిని. పచ్చని రంగు, కొత్త టాపు, కొత్త సీట్లు, వెడల్పు టైర్లు. ఊరిలో వారందరును చూచి మెచ్చుకొనిరి. మూడు వారములైన పిదప మా అన్నగారి కుమారుడు తోటనుండి చీనీకాయల బస్తాలతో పల్లపు దారిని దిగుచుండగా, ముందు చక్రమువద్ద బ్రేకు నూనెపోవు రబ్బరు గొట్టము పగిలినది. పెడలు నేలకు పోయి తగిలినది. నాలుగు చక్రములలో ఒక్కటియు పట్టలేదు. పిల్లవాడు గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, బండిని కంపచెట్లలోనికి త్రిప్పెను. చేతిబ్రేకు ఈ పాత బండ్లలో చక్రములవద్ద గాక, గేరుపెట్టె వెనుక, వెనుక ఇరుసునకు పోవు కడ్డీ మొదట నుండును. కావున నూనెతో దానికి సంబంధము లేదు. పిల్లవాడు బ్రతికినాడు, కాయలు పోయినవి. కొత్త రంగంతయు గీతలు పడినది. అప్పుడు నాకు రంగుమీద కోపము రాలేదు, నామీదనే వచ్చినది.

అందువలన నేను చెప్పునది ఒక్కటే: మనుమడు చూపు పట్టీని తలక్రిందులు చేయుడు. అతని పట్టీలో చివరనున్న వానికి ముందు డబ్బిచ్చి, మొదటనున్న వానికి చివర ఇండు.

అన్నిటికంటె ముందు కాగితము. ఇంటి జీపే యైనను రిజిస్ట్రేషను పుస్తకము ఎవరి పేర నున్నదో, అందలి చాసిస్ సంఖ్యయు, ఇంజను సంఖ్యయు బండిమీద చెక్కిన సంఖ్యలతో సరిపోవునో లేదో చూడుడు. సొంత వాహనమునకు మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. ఆపైన తనిఖీ చేయించి 5 సంవత్సరముల కొకసారి పొడిగించుకొనవలెను. ఈ పొడిగింపు రుసుము తేలిక వాహనమునకు 600 రూపాయలుండగా, 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 చేసిరి. 20 సంవత్సరములు దాటిన వానికి 2025 లో 10,000 గా పెంచిరి. ఈ లెక్కలు ముందే వేసికొనవలెను. కాగితములు లేని బండిని "వేలములో వచ్చినది, తరువాత చూచుకొందము" అను మాటమీద కొనరాదు. వేలమునకు వచ్చు సైన్యపు జోంగాను చూచి మోజుపడు యువకులు కలరు. జబల్‌పూరులో 1999 వరకు తయారైన ఆ బండి గట్టిదే. దాని ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను దాహము తెలిసిన పిదప మోజు తగ్గును.

50 సంవత్సరములు దాటిన బండ్లకు 2021 లో వేరు నియమములు వచ్చినవి. 20,000 రూపాయలు చెల్లించినచో పురాతన వాహనముగా 10 సంవత్సరములకు నమోదగును. అయితే అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్యము రోడ్డుమీద నడుపరాదు. తోటకు పోవలెనన్నవారికి ఈ దారి పనికిరాదు.

పిదప చట్రము. దీనినే చాసిస్ అందురు. తక్కినవన్నియు దీనిమీద కూర్చున్నవే. మన కడప జిల్లాలో గాలి పొడి. సముద్రతీరపు బండ్లవలె మన బండ్లు తుప్పు పట్టవు. ఇది మనకు అదృష్టము. అయినను నేలరేకు క్రింద అడ్డముగా నుండు గుల్ల పట్టీలలో నీరు నిలిచి, లోపలినుండి తినివేయును, పైకి తెలియదు. చిన్న సుత్తితో తట్టి వినుడు. మంచి ఇనుము ఖంగుమనును, తుప్పు ఇనుము డప్పువలె మూగగా పలుకును. కమాను పట్టీలు వ్రేలాడు చోట్ల, వెనుక అడ్డకమ్మివద్ద పగుళ్లున్నవేమో దీపము పెట్టి చూడుడు. పగులుమీద వెల్డింగు చేసి నల్లరంగు పూసిన చోట్లను మరింత అనుమానింపుడు.

చట్రము వంకర పోయినదా లేదా యని తెలిసికొనుటకు గొప్ప యంత్ర మక్కరలేదు. ఇల్లు కట్టుటకు పునాది గీయునప్పుడు మనము ఏమి చేయుదుము? ఎదురెదురు మూలలకు త్రాడు పట్టి రెండు కొలతలును సమానమగునట్లు చూతుము. ఇచ్చటను అంతే. బండిని సమమైన గచ్చుమీద నిలిపి, నాలుగు కమాను పట్టీల మేకులనుండి గుండుదారము వ్రేలాడదీసి, నేలమీద సున్నపు గుర్తులు పెట్టి, బండిని తొలగించి, మూలకు మూల కొలువుడు. వేలెడు తేడా కనబడినచో ఆ బండి ఎప్పుడో బోల్తాపడినది, లేదా గట్టిగా గుద్దుకొనినది. అమ్మువాడు ఏమి చెప్పినను వినరాదు.

ఇక బ్రేకులు. నేను ఇచ్చట కొంత నిలిచెదను.

పాత జీపులో పెడలు త్రొక్కగా ఒకే గదిలోని నూనె నాలుగు చక్రములకును పోవును. కపిలబానకు ఒక్కచోట చిల్లి పడినను నీరంతయు పోవునట్లు, ఒక్క గొట్టము పగిలినను నాలుగు బ్రేకులును పోవును. మాకు జరిగినది ఇదియే. 1960ల చివరినుండి అమెరికాలో కార్లకు రెండు గదుల మాస్టరు సిలిండరు పెట్టసాగిరి. ముందు చక్రములకు ఒక గది, వెనుక చక్రములకు ఒక గది. ఒకటి పోయినను రెండవది కొంత పట్టును. దీనిని పాత జీపునకు తెలిసిన మెకానిక్కుచేత అమర్పించుకొనవచ్చును. జీపును కొత్తకాలమునకు తెచ్చు మార్పులు ఎన్నియో చెప్పుదురు. ఒక్కదానికే డబ్బు చాలునన్నచో దీనికే ఇండు. పాత మాస్టరు సిలిండరు నేలరేకు క్రింద, చట్రమునకు బిగించి యుండును. బురద దానిమీదనే పడును. మూత తీసి నూనె పోయునప్పుడు చుట్టును తుడువక పోయినచో మన్ను లోపలికి పోవును.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తేమ చేరిన నూనె వేడికి త్వరగా మరగి ఆవిరియగును. ఆవిరి నొక్కబడును గాని చక్రమును పట్టదు. కావున రెండు సంవత్సరముల కొకసారి మార్చవలెను. అది తక్కువైనదని ఇంజను నూనె పోయువారు కలరు. ఆ నూనె తగిలిన రబ్బరు వాచినట్లు ఉబ్బి, బ్రేకులు బిగుసుకొనును, తరువాత అసలే పట్టవు.

మరియొక సంగతి మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పులివెందుల చుట్టుప్రక్కల భూమిలో రాతినార, అనగా ఆస్‌బెస్టాసు, కలదు. బ్రాహ్మణపల్లె గనులనుండి దానిని త్రవ్వితీసిరి. ఆ దుమ్ము పీల్చిన కూలీల ఊపిరితిత్తులు ఏమగునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే అదే రాతినార పాతకాలపు బ్రేకు పట్టీలలోను, క్లచ్చి పలకలోను ఉండెడిదని మన పిల్లలలో ఎందరికి తెలియును? వేడికి ఓర్చునని దానిని వాడిరి. పాత డ్రమ్ము విప్పగానే లోపల నల్లని మెత్తని దుమ్ము కనబడును. షెడ్డులోని కుఱ్ఱవాడు గాలిపైపు పెట్టి దానిని ఊదును. ఆ దుమ్ము షెడ్డంతయు క్రమ్ముకొనును. అది చేయు కీడు ఇరువది, ముప్పది ఏండ్లకు గాని బయటపడదు. విప్పకముందే సబ్బునీటితో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. ఊదరాదు, ఎండు కుంచెతో దులుపరాదు. కొత్త పట్టీలు కొనునప్పుడు రాతినార లేనివి కావలెనని అడుగుడు. ఇందుకు పెద్దగా ఖర్చు లేదు. పెద్దవారు షెడ్డువద్ద ఒక గంట కూర్చుండి ఈ మాట చెప్పిన చాలును. కుఱ్ఱవాడు మెకానిక్కు మాటకంటె మీ మాటకు జంకును.

స్టీరింగును గూర్చి రెండు మాటలు. చక్రములు కదలకుండ స్టీరింగు ఎంత ఆడుచున్నదో చూడుడు. ఆట ఎక్కువున్నచో పెట్టెను బిగింపుమని చెప్పుదురు. తప్పు తరచుగా పెట్టెలో నుండదు, క్రింద కీళ్లలో నుండును. ఒకరిని స్టీరింగు అటునిటు త్రిప్పుమని, మీరు క్రిందకు వంగి ఏ కీలు వృథాగా కదలుచున్నదో చూచినచో దొంగ దొరకును.

రేడియేటరు సంగతి మన ఎండలలో చిన్నది కాదు. మన బోరునీటిలో లవణములు ఎక్కువ. నీరు కాచిన కుండ అడుగున తెల్లని పొర పట్టుట ఇంటి ఆడవారికి తెలియును. అదే పొర రేడియేటరు సన్నగొట్టములలోను, ఇంజను నీటిగదులలోను పట్టును. నీరు నిండుగ నున్నను ఇంజను ఉడుకును. మెకానిక్కు థర్మోస్టాటును తీసివేసి, బాగైనదనును. నిజముగా బాగుకాలేదు, ఇంజను తగిన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ త్రాగును, పొర మాత్రము అట్లే యుండును. రేడియేటరును విప్పించి కడ్డీతో గొట్టములు శుభ్రము చేయించి, వాననీరో, శుద్ధిచేసిన నీరో కూలెంటుతో కలిపి పోయుడు. వానాకాలమున ఇంటి చూరునీరు మొదటి వాన వదలి, రెండవ వానకు రెండు డబ్బాలు పట్టి యుంచుకొన్నచో సంవత్సరమునకు చాలును.

ఇప్పుడు ఇంజను. విల్లీస్ పాత ఇంజను 134 ఘనపుటంగుళములు, నాలుగు సిలిండర్లు, 60 గుఱ్ఱముల బలము. దీని వాల్వులు ప్రక్కన, దిమ్మెలోనే యుండును, పైమూత పళ్లెమువంటిది. కావున ఇంజనును బండినుండి దింపకయే వాల్వులు నూరుకొనవచ్చును. "ఇంజను పూర్తిగా విప్పవలెను" అన్నవానిని, ముందు నాలుగు సిలిండర్ల ఒత్తిడి కొలిచి కాగితము మీద వ్రాసి యిమ్మనుడు. ఒకటి తక్కిన వానికంటె చాల తక్కువగా నున్నచో, అందులో రెండు చెంచాల ఇంజను నూనె పోసి మరల కొలువుమనుడు. ఒత్తిడి పెరిగినచో పిస్టను రింగులు అరిగినవి, పెరుగనిచో వాల్వులు. ఈ రెండు పనుల ఖర్చునకు ఆకాశమునకు భూమికి ఉన్నంత తేడా. పొగయు సాక్ష్యము చెప్పును: నీలిపొగ నూనె కాలుచున్నదని, నల్లపొగ పెట్రోలు మితిమీరి పోవుచున్నదని, ఇంజను వేడెక్కిన పిదపయు విడువని తెల్లపొగ లోనికి నీరు దిగుచున్నదని.

పెట్రోలు మారినదన్న సంగతియు మరువరాదు. 2025 నాటికి దానిలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఇది పాత రబ్బరును మెత్తబరచును. తేమను పీల్చి టాంకి అడుగున తుప్పునకు కారణమగును. టాంకిని కడిగించి, పెట్రోలు గొట్టములను, పంపులోని పొరను ఇథనాలునకు ఓర్చు రబ్బరువి వేయించుడు. పాత గొట్టము కారి వేడి ఇంజనుమీద పడినచో మరమ్మతు చేయుటకు బండి మిగులదు.

ఇచ్చటనే మనుమడు, "పెట్రోలు ఇంజను తీసి డీసెలు వేయింతము తాతా" అనును. నేను వద్దందును. మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను ప్రకారము, తయారుచేసిన కంపెనీ పేర్కొన్న వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల స్పష్టము చేసెను. అదే రకపు, అదే ఇంధనపు ఇంజనును అధికారుల అనుమతితో మార్చుకొనవచ్చును. చట్టమట్లుండగా, బరువైన డీసెలు ఇంజను ముందు కమానులను అణచివేయును. దాని ఊపునకు పాత మూడు గేర్ల పెట్టె తాళదు. గేరుపెట్టె మార్చినచో కడ్డీలు మార్చవలెను, కడ్డీలు మార్చినచో ఇరుసులు. చేటలోని గింజలు ఏరబోయి చేనే దున్నినట్లగును.

వెడల్పు టైర్లును ఇట్టివే. ఈ బండికి మొదటినుండి ఉన్నవి 6.00-16 అను సన్నటైర్లు. అవి మన నల్లరేగడి పైబురదను కోసికొని క్రింది గట్టినేలను అందుకొనును. వెడల్పు టైరు చూపునకు బాగుండును. స్టీరింగు బరువగును, బ్రేకులు చాలవు, మలుపున చట్రమునకు రాచుకొనును. పెన్న ఇసుకలో దిగవలసినప్పుడు టైర్ల గాలి కొంత తగ్గించిన చాలును. గట్టుకు రాగానే మరల నింపవలెను.

నాలుగు చక్రములకు బలమిచ్చు గేరును తారురోడ్డుమీద వేయరాదు. కళ్లములో ఎడ్లను బంతికట్టి తోలునప్పుడు నడుమ ఎద్దు మెల్లగ త్రిరుగును, చివరి ఎద్దు పరుగెత్తును. మలుపులో ముందు చక్రములును అట్లే వెనుకటి వానికంటె ఎక్కువ దూరము పోవలెను. ఆ గేరు ముందువెనుకలను ఒకటిగా కట్టివేయును. మన్నులో చక్రము కొంచెము జారి సరిపుచ్చుకొనును. తారుమీద జారలేక కడ్డీలు మెలిపడి పండ్లు విరుగును.

విద్యుత్తు పనిలో 6 వోల్టుల బండిని 12 కు మార్చుట మంచిదే. బల్బులు, కాయిలు కూడ మార్చవలెనని గుర్తుంచుకొనుడు. దీపములు మిణుకుమన్నచో, రంగు గీకి ఇనుమునకు ఎర్తు తీగను గట్టిగ బిగించి చూచిన పిదపనే డైనమోను నిందింపవలెను.

ఖర్చులో సీటు పట్టీలకు చోటుంచుడు. ఈ జీపు చక్రముల నడుమ పొడవు 80 అంగుళములే. ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ యగుటచే త్వరగా బోల్తాపడును. పట్టీలను నేలరేకునకు గాక చట్రమునకు బిగింపవలెను. రేకునకు బిగించిన పట్టీ మనిషితో కూడ ఊడివచ్చును.

డబ్బు ఒక్కసారిగా ఇయ్యకుడు. చెప్పిన మొత్తమునకు మరి సగము దాచియుంచి, చట్రము చూపిన పిదప బ్రేకులకు, బ్రేకులు పట్టిన పిదప ఇంజనునకు, ఇట్లు విడతలుగా ఇండు. విప్పిన ప్రతి పాత సామానును గోనెసంచిలో వేసి ఇంటికి తెప్పించుకొనుడు. మారినదో లేదో తెలియుటకు అంతకంటె సాక్ష్యము లేదు. రంగునకు చివర మిగిలినచో వేయింపుడు, మిగులనిచో మరుసటి శనగపంటకు చూచుకొనవచ్చును.

బండి ఇంటికి వచ్చిన దినమున చక్రముల నట్లను మీయెదుట మరల బిగింపించుడు. పాత విల్లీస్ జీపులలో ఎడమ ప్రక్క చక్రముల మరలు ఎదురుమరలు. కుడిప్రక్కవి విప్పు వైపునకు త్రిప్పినచో అవి బిగియును. ఇది తెలియని కుఱ్ఱవాడు పొడవు గొట్టము తగిలించిన పానాతో బలముకొలది త్రిప్పి, బోల్టును విరిచి, "తుప్పు పట్టినది" అని చెప్పును.